మెల్లని పాటకు మర్యాద

పాత పాటలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, ఫోనులో పెట్టుకుని వంటచేస్తూ వినేవాళ్ళందరికీ తెలిసిన బాధే ఇది. సుబ్బులక్ష్మిగారి సుప్రభాతం సరిగా వినబడక సౌండు పెంచుతాం. అదవగానే నిన్నగాక మొన్న వచ్చిన సినిమాపాట అందుకుంటుంది. అంతే! పాలగిన్నె దించుతున్న చెయ్యి వులిక్కిపడుతుంది, పక్కగదిలో పసివాడు లేచి కూర్చుంటాడు.

తప్పు పాత పాటది కాదు. డిజిటల్ రికార్డింగుకి ఒక పైకప్పు వుంది. శబ్దం దాన్ని దాటి పోలేదు. 1990ల నుంచీ కంపెనీలు పోటీలుపడి, మెల్లని చోట్లని కూడా పైకినెట్టి పాటంతా ఆ కప్పుకి ఆనించడం ఎక్కువ చేశాయి. 2008లో మెటాలికా అనే అమెరికా బృందం 'డెత్ మాగ్నెటిక్' ఆల్బం అలా తెస్తే, చెవులు భరించలేక, మళ్ళీ సరిచేసి ఇమ్మని అభిమానులే సంతకాలు పెట్టారు!

మరి ఈ ఎగుడుదిగుళ్ళు సర్దడం ఎలా? మూడు పద్ధతులున్నాయి. మొదటిది, పాటలో అన్నిటికన్నా పెద్ద చప్పుడు ఎక్కడుందో చూసి, అది కప్పుకి తగిలేదాకా పాటంతటినీ ఎత్తడం. వినడానికి న్యాయంగానే వుంది. కాని మా అమ్మ మంగళహారతి పాడిన క్యాసెట్టులో ఎవరో స్టీలు గ్లాసు కింద పడేశారు. ఆ ఖంగుమన్న మోతని చూసి, 'ఈ పాట గట్టిగానే వుందే' అని తీర్మానించింది కంప్యూటరు. అమ్మ గొంతు ఎక్కడ వేసిన గొంగళి అక్కడే!

రెండోది, 2001లో డేవిడ్ రాబిన్సన్ ప్రతిపాదించిన 'రీప్లే గెయిన్'. పాట మొత్తంమీద మన చెవికి ఎంత గట్టిగా తోస్తుందో ఇది అంచనాకడుతుంది. పాటని ముట్టుకోదు. ఎంత పెంచాలో, ఎంత తగ్గించాలో చీటీ రాసి తగిలిస్తుంది. పాట వినిపించేటప్పుడు ప్లేయరు ఆ చీటీ ప్రకారం సౌండు సర్దుతుంది. వద్దనుకుంటే చీటీ తీసెయ్యొచ్చు. పాటకో లెక్క, ఆల్బం మొత్తానికి ఒకే లెక్క, రెండూ వున్నాయి. కచేరీకి మాత్రం రెండోదే వాడాలి. లేకపోతే మెల్లని ఆలాపనా, తని ఆవర్తనమూ ఒకే ఎత్తున కూర్చుంటాయి. విద్వాంసులు వుద్దేశించింది అది కాదు గదా!

మూడోది నాకు బొత్తిగా గిట్టదు. కంప్రెషన్ అని, పాట లోపలి హెచ్చుతగ్గుల్నే చదును చేస్తుంది. జోలపాట చివర గొంతు సన్నగిల్లిందంటే అది లోపమా? బిడ్డకి నిద్రపట్టిందని అర్థం. అక్కడ గొంతు పెంచితే జోలపాట ఎందుకు? పైగా పాడేవాళ్ళు వూపిరి పీల్చుకునే జాగాలో పాత టేపు బుస ముందుకొస్తుంది.

అందుకే నా ఓటు రెండోదానికి. అది చాలావరకూ కొత్త పాటల్నే తగ్గిస్తుంది. తగ్గిస్తే ఏ పాటా చెడదు. కప్పు దాటేలా పెంచితేనే గొంతు చిట్లుతుంది. అన్నీ ఒకచోటికి వచ్చాక, కావలసినంత సౌండు మనమే పెట్టుకోవచ్చు.

ఇంట్లోనూ అంతే కదండీ! మెల్లగా మాట్లాడేవాళ్ళ మాట వినబడాలంటే వాళ్ళని అరవమనక్కర్లేదు. అరిచేవాళ్ళు కాస్త తగ్గితే చాలు.