అరుగుదలకు విడిచిన చోటు

కత్తిజాతిలో మడతకత్తి స్థితి విచిత్రమైనది. పిడిలోనికి తోక దిగి ఏకఖండముగా నిలిచిన కత్తికి ఎంత బలము కలదో అంత బలము మడతకత్తికి పుట్టుకతో సంక్రమింపదు; ఏలయన, ఒత్తిడి పెట్టు చేతికిని పని చేయు అలుగునకును నడుమ, ఎచ్చట దార్ఢ్యము అత్యవసరమో సరిగా అచ్చటనే, దానిని రూపొందించినవాడు దానిని రెండుగా విడదీసి ఒక కీలు అమర్చినాడు. జేబులో ఇముడుటకై చేసిన త్యాగమిది. విడదీసిన ఆ చోటును పనివేళ మరల ఒక్కటిగా నిలుపు భారమంతయు, చిటికెనవ్రేలి గోరంత వైశాల్యమైనను లేని ఒక ఉక్కుముఖముపై, అనగా లాకుపై పడినది.

తోటపనికై బరువైన మడతకత్తులను చిరకాలముగా వాడుచున్నవాడను. డ్రిప్పు పైపులు కోయుట, కొబ్బరితాళ్లు తెంచుట, ఎండిన కొమ్మలను చెక్కుట మొదలైన మోటుపనులలో వానిని చేతబట్టి, తీరిక వేళల విప్పి తుడిచి నూనె పెట్టి పరిశీలించుచుండగా నాలో స్థిరపడిన అభిప్రాయమొకటి కలదు. ఈ వారము దానినే పాఠకులకు విన్నవింపదలచితిని. లాకు బలమనునది క్రొత్తగా నున్న దినమున అది మోయగల బరువులో లేదు. తాను అరుగక తప్పదని ముందుగా ఎరిగి, ఆ అరుగుదలకు చోటు విడిచియుంచుకొనుటలో ఉన్నది.

మడతకత్తి యనగానే మనవారికి ఉత్తరప్రదేశములోని రామ్‌పూరు చాకు, దానివెంట సినిమాలలోని రౌడీ స్ఫురించుట కద్దు. నేను చెప్పబోవునది ఆయుధమును గూర్చి కాదు, పనిముట్టును గూర్చి. ఆ పనిముట్టు చిరకాలము లాకు లేకయే మనుగడ సాగించినది. జపానులోని మికి పట్టణమున తయారగు హిగోనోకామి కత్తికి నేటికిని లాకు లేదు. అలుగు మొదటినుండి వెలికి పొడుచుకొనివచ్చిన చిన్నతోకను బొటనవ్రేలు అదిమి పట్టుటయే దానికి రక్ష. స్విట్జర్లాండున కార్ల్ ఎల్స్‌నర్ 1891లో సైనికులకు అందజేసిన జేబుకత్తిలోను వెనుకనున్న స్ప్రింగు అలుగును ఆపునే కాని బంధింపదు. ఫ్రాన్సులోని సవోయ్ పర్వతప్రాంతమున జోసెఫ్ ఒపినెల్ 1890లో రూపొందించిన కొయ్యపిడి కత్తి అరువదియైదేండ్లు అట్లే జీవించి, 1955లో గదా మార్సెల్ ఒపినెల్ చేతులలో త్రిప్పి బిగించు లోహపుటుంగరమును సంపాదించుకొన్నది! సవోయ్ రైతుకు లాకు లేని లోటు కనిపింపకపోవుటకు కారణము కలదు. వాదరను వస్తువుపై నొక్కి సక్రమముగా కోయునప్పుడు, ఆ ఒత్తిడి అలుగును తెరచుకొను దిశకే నెట్టును గాని మూసుకొను దిశకు నెట్టదు. మొన దేనిలోనో ఇరుకుకొని దానిని ఊడబెరుకునప్పుడు, గ్రుచ్చునప్పుడు, చేయి తప్పి వెన్నుకు దెబ్బ తగిలినప్పుడు మాత్రమే అలుగు వ్రేళ్లమీదికి మడతపడజూచును. లాకు ఉన్నది ఆ క్షణముకొరకే.

ఒరకత్తిపై నుండు నమ్మకమును జేబుకత్తికి కలిగించిన ఖ్యాతి, 1964లో అమెరికాలోని శాన్ డియేగోనుండి బక్ కుటుంబమువారు వెలువరించిన 110 సంఖ్యగల వేటకత్తికి దక్కవలెను. కొయ్యపిడి, రెండు కొనలందును ఇత్తడి దిమ్మలు, మూడుముక్కాలు అంగుళముల అలుగు, దాదాపు 200 గ్రాముల బరువు గల ఆ కత్తి లాకు వెన్నుమీద నుండును. పిడి వెన్నుపొడుగునా సాగిన ఉక్కుపట్టీ ఒకటి నడుమనున్న ఊతచీలపై ఊగుచుండును. దాని వెనుకకొనను స్ప్రింగు పైకి నెట్టును గనుక, ముందుకొననున్న ముక్కు క్రిందికి వంగి, అలుగు పూర్తిగా తెరచుకొన్నంతనే దాని మొదట కోసిన గంటులో టక్కుమని కూర్చుండును. పట్టీ వెనుకభాగమును బొటనవ్రేలితో అదిమిననాడు ముక్కు లేచును, అలుగు మడతపడును. గట్టిగా పిడి పట్టినప్పుడు అరచేయి కండయే ఆ పట్టీని అదిమి లాకును విడిపింపవచ్చునని యెంచి, డేవిడ్ బోయ్ అను అమెరికను పనివాడు పట్టీపై ఆ చోట చిన్న పల్లము చెక్కు పద్ధతిని తెచ్చెను. ఇది అల్పవిషయమువలె తోచును గాని, మనుష్యుని చేయి ఎట్లు పట్టునో ఎరిగి చేసిన మార్పునకు చక్కని నిదర్శనము.

ఈ ముక్కుపై పడు భారమెంతటిదో ఒక లెక్క చూతము. కీలునకు 10 సెంటీమీటర్ల దూరమున, అలుగు వెన్నుపై 20 కిలోల బరువు పడినదనుకొందము. లాకు ముక్కు కీలునకు 1 సెంటీమీటరు దూరముననే కలదు గనుక, దానిపై పడు ఒత్తిడి 200 కిలోల బరువునకు సమానమగును. సాధారణమైన వెన్నులాకులో ఈ ఒత్తిడియంతయు పట్టీగుండా ప్రయాణించి, దానిని ఊగనిచ్చు సన్నని ఊతచీలపై వ్రాలును. చీల వెంటనే విరుగదు. చీల చుట్టునున్న రంధ్రము లేశమాత్రము సాగును. ఏండ్లు గడచుకొలది ఆ లేశములు కూడి, తెరచిన అలుగును మొనబట్టి పైకిక్రిందికి ఊపినప్పుడు చేతికి తెలియు కదలికగా పరిణమించును. ఆ కత్తి బలహీనముగా పుట్టలేదు. అరుగుదల దానిలో ప్రవేశించినప్పుడు దానికి పోవుటకు చోటు లేదు, కావున అది సడలింపుగా మారినది.

ఈ దోషమునకు పరిహారము కనుగొన్నవాడు పెన్సిల్వేనియాకు చెందిన ఆండ్రూ డెమ్కో. ట్రై-యాడ్ అని పేరొందిన ఆయన లాకు ఈ శతాబ్దపు తొలి దశాబ్దము చివర కోల్డ్ స్టీల్ సంస్థవారి బరువైన మడతకత్తులలో చేరినది. చూచుటకు ఇదియు వెన్నులాకే. భేదము రెండు చోట్ల కలదు. అలుగు మొదటికిని లాకు పట్టీకిని నడుమ ఒక లావుపాటి అడ్డుచీల, పిడి రెండు ప్రక్కలకు నాటుకొని నిలిచియుండును. అలుగు నెట్టినప్పుడు పట్టీ పోయి ఈ చీలకు ఆనుకొనును, చీల ఆ భారమును పిడికంతటికిని పంచును, సన్నని ఊతచీలకు శ్రమ తప్పును. ఇక రెండవది: పట్టీలోని ఊతచీల రంధ్రము గుండ్రముగా గాక ఒకింత కోలగా నుండును, గంటు గోడ యేటవాలుగా నుండును. అందుచేత లోహము అరిగినకొలది ముక్కు ఆ వాలువెంట మరికొంత లోనికి దిగి, ఎడమును తానే పూడ్చుకొనును. టేకుతలుపు చేయు మంచి వడ్రంగి, వానకాలమున చెక్క ఉబ్బునని తెలిసి, వేసవిలోనే ద్వారబంధమున కొలతప్రకారము సందు విడుచును. ఆ సందు పనిలోని లోపము కాదు, రాబోవు ఋతువునకు చేసిన మర్యాద. కోలగా తొలిచిన ఆ రంధ్రమును చూచినప్పుడెల్ల డెమ్కో చేసిన మర్యాదయు అట్టిదేయని నాకు తోచును.

ఇదే సూత్రమును వేరొక దారిన సాధించినవి ప్రక్కలాకులు. మైకేల్ వాకర్ 1980ల తొలినాళ్లలో తీర్చిదిద్దిన లైనరు లాకులో, పిడిలోపలి పలుచని రేకునుండి కోసిన నాలుకయొకటి, అలుగు తెరచుకొన్నంతనే ప్రక్కనుండి వచ్చి దాని మొదటి వెనుక నిలిచి అడ్డగించును. దక్షిణాఫ్రికానుండి అమెరికాకు వచ్చిన క్రిస్ రీవ్ 1990 ప్రాంతమున తన సెబెంజా కత్తిలో పలుచని రేకునకు మారుగా మందమైన టైటానియం పిడిప్రక్కనే నాలుకగా కోసి, దానికి దార్ఢ్యము చేకూర్చెను. ఈ లాకులందు అలుగు మొదటి ముఖము కొద్ది డిగ్రీల వాలుతో చెక్కబడియుండును. క్రొత్తలో నాలుక ఆ ముఖముపై మొదటి మూడవవంతు వరకు వచ్చి నిలుచును. అరిగినకొలది ప్రక్కకు మరికొంత జరుగును. అట్లు జరుగుటకు మిగిలిన వెడల్పే ఆ కత్తి ఆయుర్దాయము. క్రొత్తదినముననే ఆవలి గోడను తాకు నాలుక గల కత్తి ఎంత గట్టిగా బిగిసినను దానికి ముందు నడువ దారి లేదు. టైటానియము ఉక్కుకన్న మెత్తన గనుక, నాలుక కొనను గట్టిపరచుటయో, దానికి ఉక్కుముక్కను గాని సిరామిక్ గుండును గాని అమర్చుటయో తరువాతివారు అవలంబించిరి. అరుగుదలను ఆపుట వారి లక్ష్యము కాదు; అది ఎంత మెల్లగా నడువవలెనో నిర్ణయించుటయే.

ఇంత విచారించిన పిమ్మట, క్రొత్త కత్తి మొండితనము మనకు అర్థము కాగలదు. బరువైన వెన్నులాకు కత్తిని పెట్టెనుండి తీసినవాడు తరచుగా నిరాశపడును. బొటనవ్రేలు నొప్పిపెట్టునంతగా అదిమిననే గాని పట్టీ లేవదు; అలుగు కదలుట బిరుసు; తెరచుకొన్నను ముక్కు గంటులో పూర్తిగా దిగక పిడి వెన్నుకంటె వెండ్రుకవాసి పైకి నిలుచును. భూతద్దముతో ఆ అలుగు మొదటిని చూచినచో కారణము కానవచ్చును: నునుపుగా తోచిన ఆ ఉక్కుపై సానచక్రము విడిచిన సన్నగీరలు దున్నిన చాళ్లవరుసగా నున్నవి. ముక్కు ఆ గీరల శిఖరములపై మాత్రమే ఆనుచున్నది. తక్కిన ముఖమంతయు ఇంకను పనిలోనికి దిగలేదు. తెరచుచు మూయుచు రాగా ఆ శిఖరములు నలిగి, మొదటి వంపున వెండితీగవలె మెరయు పట్టెయొకటి ఏర్పడును; ఆ పట్టె వెడల్పు పెరిగిన కొలది భారము ఎక్కువ ఉక్కుపై పరచుకొనును. కనుక ఒదిగిన లాకు సుఖముగా నుండుటయే గాక, క్రొత్త లాకుకంటె నిలకడగను నుండును. బిరుసుతనము పోవుటయు బలము కుదురుటయు వేర్వేరు ఘటనలు కావు.

ఈ ఒదుగుటకు చేయవలసిన పని స్వల్పము, ఓపిక అధికము. సాయంకాలము కూర్చుండి నిదానముగా తెరచి మూయవలెను. విసరి తెరచుట కూడదు, అది ముక్కును గంటు అంచుకు కొట్టించును. మూయునప్పుడు పట్టీని ఒక చేతి బొటనవ్రేలితో అదిమి, రెండవ అరచేతితో అలుగు వెన్నును నెట్టవలెను. వాదర దిగు త్రోవలో ఒక్క వ్రేలైనను ఉండరాదు. కొన్నాళ్లకు కీలునొద్ద పెట్టిన నూనె బూడిదరంగు ముద్దగా మారును. అది అరిగిన ఉక్కుపొడి. దానిని అట్లే విడిచినచో సానపొడివలె పనిచేసి, అరుగవలసినదానికన్న ఎక్కువ అరుగదీయును. గుడ్డపేలికతో తుడిచి, ఒక్క చుక్క క్రొత్తనూనె వేయవలెను. ప్రక్కలాకులందు మాత్రము నూనె కీలునకే పరిమితము. నాలుక నిలుచు ముఖమునకు తగులనీయరాదు, జారుటకు అదియే హేతువగును. కీలులోని కంచు వాషర్లును ఈ కాలముననే నునుపెక్కును గనుక అలుగు ప్రక్కలకు కొంచెము ఊగవచ్చును. అప్పుడు కీలుమరను రవంత త్రిప్పిన చాలును. ప్రక్కలకు ఊగుట మర సంగతి, పైకిక్రిందికి ఊగుట లాకు సంగతి. ఈ రెంటికిని భేదమెరుగనివారు లాకులోని దోషమునకు మరను బిగించి, కీలును బిగబట్టించుదురు.

ఓపిక లేనివారు పట్టు మార్గములు రెండు, రెండింటిని నిషేధింపవలసియున్నది. ఒకటి ఆకురాయి. ముక్కును ఆకురాయితో రుద్ది సుఖపరచినవాడు, ఆ కత్తి ఏండ్లతరబడి మెల్లమెల్లగా వాడుకొనవలసిన లోహమును ఒక్క పూటలో ఖర్చుచేసినవాడగును. పైగా ముఖముల వాలు చెడును, చెడిన వాలు తిరిగి రాదు. రెండవది, తెరచిన కత్తి వెన్నును బల్లపై బలముగా మోది లాకును పరీక్షించుట. తయారీదారులు బరువులు వ్రేలాడదీసియు, మోదియు తమ కత్తుల బలమును ప్రదర్శించుట కలదు. ఆ కత్తి ఆ ప్రదర్శనకే అంకితము, అది మరుదినము ఎవరి తోటకును పోదు. మనము మోదిన కత్తి మన చేతిలోనే ఉండును, ఆ దెబ్బ దాని కీలులో నిలిచిపోవును. దళసరి చేతితొడుగు తొడిగి, వ్రేళ్లు తప్పించి, వెన్నును కొయ్యకు ఆనించి క్రమముగా నొక్కిచూచుట చాలును. అంతకుమించి నిత్యము చూడవలసినది గంటు. జేబులోని నూలుపోగు గాని, కొబ్బరిపీచు గాని, ఎండిన జిగురు గాని అందు చేరినచో ముక్కు సగమే దిగును. అట్టి వేళ ఎంతటి ప్రసిద్ధి గల లాకైనను పేరునకే లాకు. మన ప్రాంతపు ధూళిలో పనిచేయువారు వాదర పదును చూచుకొన్నంత శ్రద్ధగా గంటు శుభ్రతను చూచుకొనవలెను.

బలమును గూర్చి మాటాడునప్పుడు మనము తరచుగా మార్పులేనితనమును మెచ్చుకొందుము. లోహమున మార్పులేనితనము లేదు. రెండు ఉక్కుముఖములు కలిసి పనిచేయుచోట రెండును తరుగును. ఆ తరుగును అవమానముగా తలచి దాచజూచిన రచన కొంతకాలమునకు సడలును. దానిని లెక్కలోనికి తీసికొని వాలుగను, కోలరంధ్రముగను, మిగులువెడల్పుగను చోటు కల్పించిన రచన వాడినకొలది కుదురుకొనును. యంత్రకారుని దూరదృష్టి ఇందు ఎంత కలదో, వాడువాని సంయమమునకును అంత పాలు కలదు; ఆయన విడిచిన చోటును మనము తొందరపాటుతో దుర్వినియోగము చేయకుండుటయే మన వంతు.

కావున బరువుపనికి మడతకత్తి కొనదలచినవారికి నా మనవి యిది. దుకాణమున తెరచి చూచునప్పుడు, బిరుసుగా నున్నదని మాత్రమే దానిని త్రోసిపుచ్చవలదు; వెన్నవలె తెరచుకొన్నదని మాత్రమే మురియవలదు. లాకు ముక్కు ఎంతవరకు దిగినదో, నాలుక ఎంతవరకు వచ్చినదో, ఇంకను దిగుటకు జరుగుటకు ఎంత చోటు మిగిలియున్నదో వెలుతురునకు పట్టి చూడుడు. ఎన్ని కిలోలు మోయునని అమ్మువానిని అడుగుట సులభము. పదేండ్లు అరిగిన పిమ్మట ఎచ్చట నిలుచునని కత్తినే అడుగవలెను, చూడనేర్చిన కంటికి అది సమాధానము చెప్పును.