రెండేళ్ల గడువు చాలదు

1913లో ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ జర్నల్ ప్రశ్నల శీర్షికలో రెండు బుల్లి ప్రశ్నలు అచ్చయ్యాయి. అడిగింది అంతకు ఏడాది ముందు మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా చేరిన రామానుజన్.

మొదటిది హైస్కూలు పిల్లలకు కూడా అర్థమవుతుంది. రెండును రెండుతో గుణించుకుంటూ పోండి. వచ్చినదాంట్లోంచి ఏడు తీసేయండి. మిగిలింది ఏదో ఒక సంఖ్యకు వర్గం ఎప్పుడవుతుంది? 8లోంచి 7 తీస్తే 1. 16లోంచి తీస్తే 9. 32లోంచి 25. 128లోంచి 121. ఆ తర్వాత చాలా దూరం ఏమీ తగలదు. పదిహేనో మెట్టు మీద, 32,768లోంచి 7 తీసేసరికి 32,761 వస్తుంది. అది 181కి వర్గం! ఈ అయిదూ చెప్పి, ఇంకా ఉంటే కనిపెట్టమన్నాడు రామానుజన్. ఇంకేమీ లేవని నార్వే గణితవేత్త త్రుగ్వే నాగెల్ 1948లో నిరూపించాడు. ముప్పై అయిదేళ్లు పట్టింది.

రెండోది చూడటానికి ఇంకా అమాయకంగా ఉంటుంది. ఒకటి నుంచి నాలుగు దాకా అంకెల్ని గుణించి ఒకటి కలిపితే 25, అంటే అయిదు వర్గం. అయిదు దాకా గుణించి ఒకటి కలిపితే 121. ఏడు దాకా అయితే 5041, అది 71 వర్గం. మరి ఇలాంటివి ఇంకా ఉన్నాయా? బ్రోకార్ అనే ఫ్రెంచి గణితవేత్త రామానుజన్ కంటే ముందే ఈ సంగతి అడిగాడు. కంప్యూటర్లు ఎంతో దూరం వెతికాయి, నాలుగోది కనిపించలేదు. లేదని నిరూపించినవాళ్లూ ఇప్పటిదాకా లేరు. నూట పదేళ్లు దాటినా ఆ ప్రశ్న మీద పేపర్లు వస్తూనే ఉన్నాయి.

ఇప్పుడు ఈ జర్నల్‌కు నేటి కొలబద్ద అయిన ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పట్టి చూద్దాం. దాని లెక్క చాలా తేలిక. ఒక జర్నల్ 2022, 2023 సంవత్సరాల్లో వంద పేపర్లు వేసిందనుకోండి. వాటిని 2024లో వచ్చిన పేపర్లు మొత్తం అరవైసార్లు ప్రస్తావించాయనుకోండి. అరవైని వందతో భాగించండి: 0.6. ఆ జర్నల్ 2024 ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంతే. 2021లో వచ్చిన పేపరును ఆ ఏడాది వెయ్యిమంది తలుచుకున్నా ఈ లెక్కలోకి రాదు. ఈ లెక్కన 1913 నాటి ప్రశ్నలకు 1915తోనే గడువు తీరిపోయింది. నాగెల్ సమాధానం ఎటూ లెక్కకు రాదు. పైగా ఆయన తేల్చింది, నార్వేలోనే ఇంకొకరు 1943లో విడిగా అడిగిన అదే ప్రశ్నను.

ఇది ఒక్క రామానుజన్‌కు పట్టిన గతి కాదు. 2008లో అంతర్జాతీయ గణిత సంఘం మరో రెండు సంఘాలతో కలిసి సైటేషన్ల, అంటే ఈ ప్రస్తావనల, లెక్కల మీద ఒక నివేదిక వేయించింది. గణిత జర్నళ్లకు వచ్చే సైటేషన్లలో దాదాపు 90 శాతం ఆ రెండేళ్ల గడువుకు బయటే పడుతున్నాయని అందులో తేలింది. అంటే కొలుస్తున్నది మిగిలిన పది శాతాన్ని. నూటికి తొంభై పారబోసి మిగిలినదాన్ని 2023 వరకూ మూడు దశాంశ స్థానాల దాకా అచ్చువేసుకున్నాం.

ఉద్యోగరీత్యా పాఠాలు చెప్పుకుంటూ, మధ్యమధ్యలో జర్నళ్లకు రిఫరీగా పేపర్లు చదివినవాణ్ని కనుక ఈ ఆలస్యం ఎక్కడ పుడుతుందో నాకు కొంత తెలుసు. ముప్పై పేజీల గణితం పేపరు చదవడమంటే ముప్పై పేజీల నవల చదవడం కాదు. పెన్సిలు, తెల్ల కాగితాలు పెట్టుకుని ప్రతి వరుసనూ మళ్లీ మనం కట్టుకు రావాలి. ‘ఇది స్పష్టమే’ అని రచయిత రాసిన చోట ఆగాలి, ఎందుకంటే తప్పు ఉంటే ఎక్కువగా దాక్కునేది అక్కడే. ఒక్కోసారి ఒక్క లెమ్మా దగ్గరే నెల గడుస్తుంది. దీనికి డబ్బివ్వరు, పేరు కూడా బయటికి రాదు. కెప్లర్ ఊహకు థామస్ హేల్స్ ఇచ్చిన నిరూపణను ‘యానల్స్ ఆఫ్ మ్యాథమెటిక్స్’ తరఫున రిఫరీల బృందమే కూర్చుని పరిశీలించింది. 1998లో ప్రకటించిన ఆ ఫలితం 2005లో గానీ అచ్చుకాలేదు. పేపరు బయటికి రావడానికే ఇంతకాలం పడితే, దాన్ని ఇంకొకరు చదివి, జీర్ణించుకుని, దాని మీద మరోటి కట్టి, అదీ రిఫరీల చేతులు దాటి అచ్చయ్యేసరికి రెండేళ్ల గడువు ఏ మూలకు?

ఇంత నిదానమైన శాస్త్రంలో జర్నల్ విలువ మరి దేన్ని బట్టి తెలుస్తుంది? ఎడిటర్లు దేని మీద మనసు పెట్టారు, ఎవరిని చేరదీశారు అన్నదాన్ని బట్టేనని నా ఉద్దేశం. రామానుజన్‌ను అచ్చువేసిన జర్నల్ చరిత్రే చూడండి. దాని మూలం మన అనంతపురం జిల్లాలో ఉంది. వి. రామస్వామి అయ్యర్ గుత్తిలో డిప్యూటీ కలెక్టరుగా ఉండగా, 1906 డిసెంబరులో మిత్రులకు ఒక ఉత్తరం రాశారు. గణితం చదువుకోవాలన్న తపన ఉన్నా పుస్తకాలు, జర్నళ్లు దొరకడం లేదు, నలుగురం కలిసి చందా వేసుకుని తెప్పించుకుందామని దాని సారాంశం. 1907 ఏప్రిల్ నాటికి ఇరవై మంది తేలారు. ఏడాదికి పాతిక రూపాయల చందా. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. తెప్పించిన జర్నళ్లను సభ్యులు పోస్టులో ఒకరి తర్వాత ఒకరికి పంపుకుని చదువుకునేవారు. 1909లో సొంత జర్నల్ మొదలైంది.

ఆ తొలి సంచికల్లో ప్రపంచాన్ని కుదిపే పరిశోధనేమీ ఉండదు. త్రిభుజాలు, శాంకవాలు, సమస్యలు, సాధనలు. లెక్కలంటే ఇష్టపడే మాస్టర్ల కూటమి అది. కానీ 1911లో ఎవరో తెలియని కుర్రవాడు పంపిన ప్రశ్నల్ని, బెర్నూలీ సంఖ్యల మీద రాసిన పేపరును వేసుకున్నది ఆ కూటమే. బెంగుళూరులో గణితం చెప్పే ఎం.టి. నారాయణ అయ్యంగార్ ఎడిటరు. రామానుజన్ రాత మామూలు పాఠకుడు అందుకోలేనంత పొదుపుగా ఉండేది. ఎడిటరు దాన్ని తిప్పికొట్టి ఊరుకోలేదు, మళ్లీ వివరంగా రాసి పంపమని పలుమార్లు వెనక్కి ఇచ్చాడు. ఇప్పటి పద్ధతిలో అయితే ‘మా జర్నల్ పరిధిలోకి రాదు’ అనే రెండు వరుసల మెయిల్ వచ్చి ఉండేది. నాకు అలాంటివి వచ్చాయి, దాచుకోవడమెందుకు.

1933లో ‘మ్యాథమెటిక్స్ స్టూడెంట్’ అనే రెండో పత్రిక మొదలయ్యాక సొసైటీ జర్నల్ పరిశోధన వైపు గట్టిగా మళ్లింది. ఆ మళ్లింపు ఎక్కడిదాకా వెళ్లిందో 1956 సంపుటం చెబుతుంది. ఆట్లె సెల్బర్గ్ ఈరోజు ‘ట్రేస్ ఫార్ములా’ అని ప్రపంచమంతా పిలిచే ఫలితాన్ని మొదటిసారి అచ్చులో పెట్టింది అందులోనే. సెల్బర్గ్ అప్పటికే ఫీల్డ్స్ మెడల్ అందుకున్నవాడు, ప్రిన్స్‌టన్‌లో ఉన్నవాడు. కావాలంటే ఏ జర్నలైనా చేతులు జోడించి వేసుకునేది. ఆయన కుర్రతనంలో రామానుజన్ గురించి చదివి గణితం మీద మోజు మరింత పెంచుకున్నాడన్నది మరో ముచ్చట. సంఖ్యా సిద్ధాంతం, జ్యామితి, భౌతికశాస్త్రం దాకా ఆ నలభై పేజీల పేపరును తలచుకునేవాళ్లు ఇప్పటికీ తగ్గలేదు.

అదే జర్నల్‌లో దానికి మూడేళ్ల ముందు, 1953లో, వాల్తేరు నుంచి ఒక పేపరు వచ్చింది. రాసింది ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణిత భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎస్. మీనాక్షిసుందరం. వంపులు తిరిగిన తలాల మీద లాప్లాస్ ఆపరేటరుకు సంబంధించిన ఐగెన్ ఫంక్షన్ల గురించి. స్వీడన్ గణితవేత్త ఓకె ప్లేయెల్‌తో కలిసి ఆయన 1949లో ‘కెనడియన్ జర్నల్ ఆఫ్ మ్యాథమెటిక్స్’ మొదటి సంపుటంలో రాసిన పేపరు దీనికి ముందరిది. దాని మహత్తు లోకానికి బాగా తెలిసొచ్చింది 1960ల చివర్లో. మృదంగం చప్పుడు విని దాని ఆకారం చెప్పగలమా అని మార్క్ కాట్స్ 1966లో అడిగిన ప్రశ్న అందరి నోళ్లలో నానడం మొదలుపెట్టాక, ఆ దారిన పోయినవాళ్లందరికీ మీనాక్షిసుందరం, ప్లేయెల్‌ల పనే ఆధారమైంది. ఆయన 1968లో వెళ్లిపోయారు. విశాఖపట్నంలో ఆయన పేరు చెబితే గణిత శాఖ బయట ఎందరికి తెలుసు?

సైటేషన్ల లెక్కలో ఇంకో వింత ఉంది. పని మరీ గొప్పదైతే సైటేషన్లు ఆగిపోతాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే గణితం చదివిన సి.ఆర్. రావు గారు పాతికేళ్ల వయసులో, 1945లో, ‘బులెటిన్ ఆఫ్ ద కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ’లో రాసిన పేపరు గణాంకశాస్త్రానికి పునాదిరాయి. క్రామెర్-రావు హద్దు, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం అందులోవే. ఈరోజు వాటిని వాడే ఇంజినీర్లు పేరు చెప్పి ఊరుకుంటారు, 1945 బులెటిన్‌ను గ్రంథసూచిలో చేర్చేవాళ్లు కొద్దిమందే. ఆ పనికి అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి 2023లో వచ్చింది, 78 ఏళ్ల తర్వాత. ఆయనకు అప్పటికి 102 ఏళ్లు.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కనిపెట్టినవాళ్లది దురుద్దేశమని నేను అనను. యూజీన్ గార్ఫీల్డ్ ఆలోచన లైబ్రరీల వాళ్లకు, సూచికలు కట్టేవాళ్లకు బాగా పనికొచ్చింది. చేతిలో ఉన్న డబ్బుతో ఏ జర్నళ్లు తెప్పించాలో తేల్చుకోవాలి కదా! మన విశ్వవిద్యాలయాల్లోకి అది వచ్చిన కారణం వేరు. నియామకాల్లో సిఫార్సులు, ‘మనవాడు’ లెక్కలు ఎంతగా నడిచేవో పాత తరం వాళ్లకు చెప్పనక్కర్లేదు. అంకె అయితే కులం చూడదు, జిల్లా చూడదు అనిపించింది. ఆ ఆశ నాకూ ఉండేది. అంకెను కూడా కొనుక్కోవచ్చని తేలడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

గణితంలో ఇది బట్టబయలైంది 2011లో. డగ్లస్ ఆర్నాల్డ్, క్రిస్టిన్ ఫౌలర్ అనే ఇద్దరు అనువర్తిత గణితంలో ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ప్రకారం అగ్రస్థానంలో ఉన్న ఒక జర్నల్‌ను విప్పి చూపించారు. 2008లో దాని అంకె 8.91. ఆ రంగంలో అందరూ తలవంచే ‘కమ్యూనికేషన్స్ ఆన్ ప్యూర్ అండ్ అప్లైడ్ మ్యాథమెటిక్స్’ది 3.69. తవ్వి చూస్తే, ఆ మొదటి జర్నల్‌ను అత్యధికంగా ప్రస్తావించినవాళ్లు దాని ప్రధాన సంపాదకుడు, సంపాదక వర్గంలోని వాళ్లు. ఆ సైటేషన్లు కూడా సరిగ్గా ఆ రెండేళ్ల గడువులోనే గుట్టలుగా పడ్డాయి. ఇలాంటి ఆటలు ఎంత దూరం వెళ్లాయంటే, ఇంపాక్ట్ ఫ్యాక్టర్లు ప్రకటించే క్లారివేట్ సంస్థే 2023లో అత్యధిక సైటేషన్లు పొందిన పరిశోధకుల పట్టికలోంచి గణితాన్ని మొత్తంగా తీసేసింది. లెక్కపెట్టేవాళ్లే లెక్క మీద నమ్మకం లేదని ఒప్పుకున్నట్టు.

మన రాష్ట్రాల్లో ఇంకో చిక్కు ఉంది. మన గణిత శాఖల్లో ఫ్లూయిడ్ డైనమిక్స్ మీద పనిచేసేవాళ్లు ఎక్కువ. వాళ్ల పేపర్లు ఇంజినీరింగ్ జర్నళ్లలో వస్తాయి, అక్కడ రాసేవాళ్లూ తలుచుకునేవాళ్లూ బోలెడంతమంది. పక్క గదిలో సంఖ్యా సిద్ధాంతం చేసుకునే అమ్మాయి పేపరును అర్థం చేసుకోగలిగినవాళ్లు ప్రపంచం మొత్తం మీద ఏ యాభైమందో. గణితాన్ని 63 పెద్ద విభాగాలుగా విడదీసి ప్రతి పేపరుకూ అంకె వేసే వర్గీకరణ ఉంది, పేపరు మొదటి పేజీలోనే కనిపిస్తుంది. ప్రమోషన్ ఫైలు చూసే కమిటీలో ఆ అంకె చూసేవాళ్లు నాకు తగల్లేదు. ఇద్దరికీ ఒకే తూకం.

కుర్ర లెక్చరర్లు ఫోన్ చేసి, ‘సార్, ఆ జర్నల్ స్కోపస్‌లో ఉందాండీ? క్యూ వన్నా, క్యూ టూనా?’ అని దాని హోదా అడిగితే నాకు వాళ్ల మీద కోపం రాదు. వాళ్లను అలా అడిగేలా చేసింది మనమే. డబ్బు కడితే పది రోజుల్లో అచ్చు వేస్తామని వాట్సాప్‌లో వచ్చే సందేశాలు నాకూ వస్తాయి. మంచి జర్నళ్లు ఇవీ అని యూజీసీ 2018లో పెట్టిన ‘కేర్’ జాబితాను 2025లో ఎత్తేసి, మంచి జర్నల్ ఏదో తేల్చుకునే పని సంస్థలకే వదిలేసింది. ఆ పని చేయాలంటే ఎవరో ఒకరు కూర్చుని చదవాలి.

అందుకే సెలక్షన్ కమిటీల్లో కూర్చునే పెద్దలకు ఒక మనవి. అభ్యర్థి తెచ్చిన నలభై పేపర్ల చిట్టా పక్కన పెట్టించండి. అందులోంచి తనకు బాగా నచ్చిన ఒక్క పేపరు ఎంచుకోమనండి. సుద్దముక్క చేతికిచ్చి, అరగంట బోర్డు మీద చెప్పించండి. అర్థం కానిచోట ఆపి అడగండి. ఆ పేపరు ఏ జర్నల్‌లో వచ్చిందన్నది ఆ తర్వాత అడగొచ్చు.