సొరచెట్టా, ఆముదపుచెట్టా?

(యోనా 4వ అధ్యాయము, మార్కు 4:35–41 చదువుకొనుడి.)



ఆదివారపు ఆరాధనలో నీ చేతనున్న బైబిలు ఒక మాట చెప్పగా, నీ ప్రక్కవాని చేతనున్న వేరొక అనువాదము మరియొక మాట చెప్పుట నీవు వినియుందువు. అప్పుడు నీ మనస్సులో ఒక ముల్లు గ్రుచ్చుకొనును. ప్రభువు తెలుగున మాటలాడలేదు గదా. మనకు దొరికినది దేవుని వాక్యమా, దొరల వాక్యమా?

ఇది అవిశ్వాసి ప్రశ్న అని కసరివేయుట తగదు. అక్షరము రాక, చెవితో విని మాత్రమే విశ్వాసము నిలుపుకొనుచున్న మన సంఘపు ముసలితల్లికి ఇది చావు బ్రదుకుల సంగతి. ఆమెకు హెబ్రీ రాదు, గ్రీకు రాదు. అనువాదములో అర్థము నిలువనియెడల ఆమె చేతిలో ఏమియు మిగులదు. కనుక ఒక చిన్న చెట్టును ఎదుట పెట్టుకొని ఈ సంగతిని పరీక్షింతము రమ్ము.

యోనాకు నీడనిచ్చిన చెట్టు ఏది? మన తెలుగు గ్రంథములో అది సొరచెట్టు. హెబ్రీ మూలములోని మాట ‘కికాయోన్’. ఈ ఒక్క అధ్యాయములో తప్ప ఆ మాట బైబిలులో మరెక్కడను లేదు. క్రీస్తునకు పూర్వము హెబ్రీ లేఖనములను గ్రీకు భాషలోనికి మార్చినవారు దానిని సొరజాతి తీగ అనిరి. తొలి లాటిను అనువాదములును ఆ త్రోవనే నడిచెను. పిమ్మట హెబ్రీనుండి నేరుగా లాటినులోనికి తర్జుమా చేసిన జెరోము పండితుడు దానిని ‘ఐవీ’ అను వేరొక ప్రాకెడు తీగగా మార్చెను.

అంతట ఏమాయెను? ఉత్తర ఆఫ్రికాలో ఓయా అను పట్టణము కలదు. నేటి ట్రిపోలి అదే. అచ్చటి బిషప్పు జెరోము అనువాదమును ఆరాధనలో చదివించెను. తరతరములుగా విన్న మాట మారినందున సంఘములో పెద్ద అల్లరి పుట్టెను. యూదుల నడుగగా వారును పాత మాటయే సరియనిరి. సంఘమంతయు తన్ను విడిచిపోవునేమోయని బిషప్పు వెనుకకు తగ్గవలసివచ్చెను. ఈ సంగతిని అగస్టీను 403లో జెరోమునకు ఉత్తరము వ్రాసి తెలిపెను.

ఇందులో తప్పు ఎవరిది? ఆ జనులు వాక్యమును శ్రద్ధగా వినువారు కాకపోయినయెడల ఒక్క ఆకు పేరు మారెనని లేచియుండరు. ఆ శ్రద్ధ మనకును కలుగును గాక! అయితే వారు ఆకును కాపాడి పండును మరచిరి. జెరోమును నిర్దోషి కాడు. ఆ చెట్టు వెడల్పాటి ఆకులు గలదనియు, తీగవలె ప్రాకక తన కాండముమీద తానే నిలుచుననియు అతడు తన వ్యాఖ్యానములో వ్రాసెను. అయినను లాటినులో దానికి పేరు లేదని, తీగకాని దానికి తీగ పేరే పెట్టెను. ఎరిగియు సరిగా చెప్పలేకపోవుట అనువాదకుని దుఃఖము. అది నేరము కంటె కనికరింపదగిన సంగతి.

ఇప్పుడు మన సొరచెట్టును చూతము. జెరోము వర్ణించిన చెట్టు ఆముదపుచెట్టని అనేక పండితుల అభిప్రాయము. లాటినులో జెరోమునకు దాని పేరు దొరకకపోయినను, నల్లగొండ, మహబూబునగరు మెట్టచేల రైతును అడుగుము, వెంటనే చెప్పును. అరచేయి చాచినట్టుండు ఆకు, త్వరగా ఎదుగు కాండము, దాసరి పురుగు పట్టెనా ఆకులన్నియు జల్లెడ. సొర అయితే పందిరి కావలెను, పాక కప్పు కావలెను. నా మట్టుకు నాకు ఆముదమే తగినదని తోచుచున్నది.

అయితే చదువరీ, సొర అన్నందున నీవు పోగొట్టుకొన్నదేమి? యోనా ఆ చెట్టును నాటలేదు, దానికి నీరు పోయలేదు. అది ఒక రాత్రిలో పుట్టి ఒక రాత్రిలో పోయెను. దానికై అతడు అంగలార్చెను గాని, కుడి యెడమలు ఎరుగని లక్ష యిరువది వేలమందిని, వారి పశువులను గూర్చి అతనికి జాలి లేకపోయెను. దేవుడు అడిగిన ప్రశ్న సొరలో ఎంత వాడియో ఆముదములోను అంతే వాడి. చెట్టు మారెను, ప్రశ్న మారలేదు.

కాని, అన్ని మాటలును ఆకులే అనుకొనకుము. కొన్ని వేళ్లు. యేసు బోధలోని మొదటి పిలుపునకు గ్రీకున ఉన్న మాట మనస్సు మారుటను సూచించును. లాటినులో దానికి వాడిన మాటను సామాన్యులు, గురువు విధించిన ప్రాయశ్చిత్తము చెల్లించుట అని గ్రహించుచు వచ్చిరి. 1517లో లూథరు తన తొంబదియైదు వాదములలో మొదటిదిగా ఈ పిలుపునే ఎత్తుకొని, విశ్వాసి బ్రదుకంతయు మారుమనస్సై యుండవలెనని చాటెను.

ఇక్కడ మన తెలుగు గ్రంథమును మెచ్చుకొనక తప్పదు. మారుపేరు అనగా వేరొక పేరు, మారుతల్లి అనగా వేరొక తల్లి. అట్లే మారుమనస్సు అనగా వేరొక మనస్సు. అంతేకాదు. మత్తయి 27:3లో ఇస్కరియోతు యూదాను గూర్చి గ్రీకు గ్రంథము ఈ మాటను వాడక వేరొక మాటను వాడెను. 1611నాటి ఆంగ్ల బైబిలు రెంటికిని ఒకే మాట వేసెను. మనవారు యూదాకు ‘పశ్చాత్తాపము’ అనిరి. పశ్చాత్తాపమనగా చేసినదానికి వెనుక కలుగు మంట. యూదాకు మంట కలిగెను, మనస్సు మారలేదు. ఆ ఉరిత్రాటికిని పేతురు కన్నీటికిని నడుమనున్న దూరమును తెలుగు రెండు మాటలలో నిలువబెట్టినది.

మరియొకటి. గాలివానలో శిష్యులు ప్రభువును లేపి, నశించుచున్నామని మొఱ్ఱపెట్టిరి. గ్రీకులో ‘మేము’, ‘మనము’ అను భేదము లేదు. తెలుగున ఏదో ఒకటి వేయక తీరదు. మనము అన్నయెడల ప్రభువును మునుగుననుకొనిరని అర్థము; మేము అన్నయెడల ఆయన మునుగడు, మేమే పోవుదుమని. మనవారు ‘మేము’ అనిరి. అది అనువాదము మాత్రమే కాదు, వ్యాఖ్యానము కూడ. కనుక వ్యాఖ్యానము లేని అనువాదము లేదని తెలిసికొనుము. యోహాను 3:8లో గాలికిని ఆత్మకును గ్రీకున ఒకే మాట. తెలుగున రెండు మాటలు వేయవలసివచ్చెను. అక్కడ మనకు నష్టమే, దాచనేల?

ఇక దొరల వాక్యమా అను మాట. జార్జి క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజి అను మిషనరీలు 1805లో విశాఖపట్టణము వచ్చి, ఆనందరాయరు అను బ్రాహ్మణ విశ్వాసి తోడ్పాటుతో సువార్తలను తెలుగు చేయసాగిరి. 1812లో శ్రీరాంపురమున మూడు సువార్తలు అచ్చగునాటికి ఆ ఇద్దరు దొరలును కన్నుమూసియుండిరి. ఈ దేశపు నాలుక కలియకుండ మన గ్రంథము పుట్టలేదు. అంతకు మించి, ప్రభువు అరామిక భాషలో పలికిన ‘తలీతాకుమీ’ అను మాటకు మార్కు తానే అర్థము వ్రాసెను. సువార్తయే అనువాదముగా మన యొద్దకు వచ్చెను.

నేను భయపడునది అనువాదకునికి కాదు, బోధకునికి. అనువాదకుడు ఒక్కొక్క మాటకు తడవులాడి, పదిమందితో సరిచూచుకొనును. మన బోధకులలో కొందరు సొరతీగకు ఒక మర్మము, పురుగుకు ఒక మర్మము కల్పించి, నీనెవె ఊసెత్తకయే కూర్చుందురు. ఓయా జనులు ఒక్క పేరు మారగా లేచిరి; మనము కథ యంతయు మారినను ఆమేనని పలుకుచున్నాము. మన గ్రంథము ఒక్కటే దైవదత్తమని తోటి సంఘముతో తగవులాడువారును యోనావలె చెట్టుక్రింద కూర్చున్నవారే.

కాబట్టి చదువరీ, రెండు అనువాదములు భేదించినప్పుడు బెదరకుము. ఆ అధ్యాయమంతయు మొదటినుండి చదువుము, చదువరానివారికి వినిపింపుము. భేదము ఆకులోనా, వేరులోనా అని అడుగుము. ఆకులోనైన ఓర్చుకొనుము, వేరులోనైన తెలిసినవారిని వినయముగా అడిగి తెలిసికొనుము. పిమ్మట నీ ఊరివైపు తిరిగి చూడుము. అచ్చట కుడి యెడమలు ఎరుగనివారు ఎందరో కలరు, పశువులును కలవు. యోనాను దేవుడు అడిగిన ప్రశ్నకు ఆ గ్రంథములో జవాబు వ్రాయబడలేదు. అది నీవు చెప్పవలసియున్నది.