గాదె లేని నక్షత్రం

వెలుగు మారే నక్షత్రాలను కంటితో అంచనా వేయడం నా రాత్రి పని. వెలుగెంతో ముందే తెలిసిన రెండు చుక్కలు ఎంచుకోవాలి. ఒకటి మన నక్షత్రం కన్నా కాస్త ప్రకాశంగా, రెండోది కాస్త మసకగా ఉండాలి. మూడింటినీ మార్చి మార్చి చూసి, మనది ఆ రెంటి మధ్య ఎక్కడుందో తేల్చి అంకె రాసుకోవాలి. (అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు. ఈ తలకిందుల లెక్క గ్రీకుల నాటిది, మార్చే ఓపిక ఎవరికీ లేదు.) నిన్నటి అంకె చూడకుండా కూర్చోవడమే కష్టం. చూశామా, కన్ను దానికే మొగ్గుతుంది.

నేను వదలకుండా చూసేవి రెండు: హంస మండలంలో ఎస్ఎస్ సిగ్ని, హెర్క్యులిస్ మండలంలో ఏఎం హెర్క్యులిస్. ఇద్దరి కాపురం ఒకటే తీరు. ఒక శ్వేతకుబ్జం (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రం), దానికి అతి దగ్గరగా తిరుగుతూ తన వాయువు పోగొట్టుకుంటున్న చిన్న నక్షత్రం. నడవడికే పొంతన లేదు. ఎస్ఎస్ సిగ్ని వారాల తరబడి 12 దగ్గర పడి ఉండి, ఒకటి రెండు రోజుల్లో 8కి లేస్తుంది. అంటే నలభై రెట్ల వెలుగు. 1896లో హార్వర్డ్‌లో లూయిసా వెల్స్ కనిపెట్టిన నాటి నుంచీ దాదాపు ఇదే వరస. ఏఎం హెర్క్యులిస్ 13 చుట్టూ నెలల తరబడి ఉండి, చెప్పాపెట్టకుండా 15కి దిగిపోతుంది.

తేడా అంతా అయస్కాంత క్షేత్రంలో ఉంది. ఎస్ఎస్ సిగ్నిలో పక్క నక్షత్రం నుంచి వచ్చే వాయువుకు తిరుగుడు ఉంటుంది కాబట్టి నేరుగా పడలేక శ్వేతకుబ్జం చుట్టూ పళ్ళెంలా పరుచుకుంటుంది. ఆ డిస్కే దానికి గాదె. నిండుతూ వేడెక్కి, హైడ్రోజన్ అయాన్లుగా విడిపోయే హద్దు దాటగానే రాపిడి పెరిగి, నిలవలో కొంత ఒక్కసారిగా లోపలికి జారుతుంది. నాకు కనబడే ఆ విజృంభణ అదే.

ఏఎం హెర్క్యులిస్ క్షేత్రం సుమారు కోటీ నలభై లక్షల గాస్. సూర్యుడి సగటు క్షేత్రం ఒక గాస్ చుట్టుపక్కల. అయాన్లుగా మారిన వాయువు బలరేఖలకు అడ్డం పోలేదు, వాటి వెంబడే జారాలి. డిస్క్ ఏర్పడవలసిన చోటంతా ఆ పట్టులోనే ఉండటంతో వాయువు తిన్నగా అయస్కాంత ధ్రువం మీదికే పోతుంది. గాదె లేదు. పక్క నక్షత్రం పెడితే వెలుగు, మానేస్తే మసక. రెక్కాడితేగాని డొక్కాడని బతుకు. 1976లో శాంటియాగో టాపియా ఆ వెలుగులో బలమైన ధ్రువణం (అయస్కాంత క్షేత్రపు గుర్తు) పట్టుకున్నాకే ఈ గుట్టు తెలిసింది.

వీటి మధ్యరకం ఇంకా ఆసక్తికరం. 1934లో నోవాగా పేలిన డీక్యూ హెర్క్యులిస్‌లో డిస్క్ ఉంది, లోపలి అంచు తెగిపోయి ఉంది. శ్వేతకుబ్జం నుంచి దూరం రెట్టింపైతే అయస్కాంత పీడనం 64వ వంతుకు పడిపోతుంది. దాన్ని వాయువు తట్టుకోగలిగినంత వరకే డిస్క్ ఉంటుంది. వాయువు జోరు పెరిగితే ఆ అంచు లోపలికి తోసుకొస్తుంది, తగ్గితే వెనక్కి పోతుంది. 1979లో ప్రణబ్ ఘోష్, ఫ్రెడరిక్ లాంబ్ న్యూట్రాన్ నక్షత్రాలకు ఈ లెక్క వివరంగా కట్టారు. ఇక కుంభంలోని ఏఈ ఎక్వేరీలో శ్వేతకుబ్జం అయితే 33 సెకన్లకో చుట్టు తిరుగుతూ, వచ్చిన వాయువులో చాలాభాగాన్ని బయటికే విసిరికొడుతుంది.

నా ఎనిమిది అంగుళాల టెలిస్కోపులో 14 దాటితే ఏమీ కనబడదు. ఏఎం హెర్క్యులిస్ కనబడని రాత్రి ‘14 కన్నా మసక’ అని రాసి పంపుతాను. సరఫరా ఆగిందనడానికి అదీ సాక్ష్యమే. నింగిలో ఏమీ లేదని పుస్తకం మూసేసేవాళ్ళు నాకు నచ్చరు.

జెస్సోర్ ట్రెజరీ ఉద్యోగి రాధా గోవింద చంద్ర ఇలాంటి అంచనాలు 37 వేలకు పైగా అమెరికా చరనక్షత్ర పరిశీలకుల సంఘానికి పంపారు. ఆయనకు వాళ్ళు ఇచ్చిన టెలిస్కోపు తర్వాత హైదరాబాద్‌లో పెరిగిన ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు చేతికి చేరింది.

కార్తీకంలో సాయంత్రం ఏడింటికి ఎస్ఎస్ సిగ్ని ఉత్తరాన బాగా ఎత్తులో ఉంటుంది. టెలిస్కోపు ఉన్నవాళ్ళు వారానికి రెండుసార్లు చూసి, ఎంత కనబడితే అంత రాయండి. కనబడకపోతే అదీ రాయండి.