ఉంచిన కొమ్మకూ కూలి కట్టాలి

శంషాబాద్‌లోనూ, రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం చుట్టుపక్కల ఊళ్ళలోనూ, ఎవరి దగ్గరా ఉద్యోగం చేయకుండా ఒక రంపం మిషన్, కొన్ని తాళ్ళు, ఇద్దరు ముగ్గురు సహాయకులతో సొంతంగా చెట్ల పని చేసుకుని బతికేవారు ఉన్నారు. ఇంటి మీదికి వాలిన కొమ్మలు తీయడం, ఎండిన మానులను దించడం, కరెంటు తీగలకు తగిలే గుబురును తగ్గించడం, గాలివానకు కూలిన చెట్టును దారిలోంచి తొలగించడం వారి నిత్యకృత్యాలు. ఈ పనికి కావలసిన నేర్పు సామాన్యమైనది కాకపోయినా సమాజం దాన్ని ఇప్పటికీ కూలిపనిగానే చూస్తోంది. చాలాచోట్ల దిగిన కలపను పనివాడే తీసుకుపోవడం కూలిలో భాగమవుతుంది, గుత్తకు మాట్లాడుకున్నప్పుడు సామిల్లుకో వంటచెరకుకో ఎంత కలప వస్తుందన్న అంచనా మీదే బేరం నిలుస్తుంది. చెట్టు నుంచి దిగిన బరువును బట్టి ప్రతిఫలం నిర్ణయమైనంతకాలం, ఏ కొమ్మను ముట్టుకోకూడదో తెలిసిన పనివాడి జ్ఞానానికి ధర పలకదు. ఈ వృత్తిలోని కష్టాలూ, ఈ ప్రాంతపు చెట్లకు జరుగుతున్న నష్టాలూ చాలావరకు ఇక్కడి నుంచే పుడుతున్నాయి.

ఈ పనిని అర్థం చేసుకోవాలంటే ముందు ఈ నేలను అర్థం చేసుకోవాలి. శంషాబాద్ ప్రాంతం దక్కన్ పీఠభూమి గ్రానైటు మీద ఉంది. పైన ఇసుకపాలు ఎక్కువగా ఉండే ఎర్రని చెల్క నేల పలుచగా పరుచుకుని ఉంటే, దాని కింద రాయి శిథిలమై ఏర్పడిన గరుకైన గట్టి పొర, అంటే మొరం, తగులుతుంది. గింజ పడి మొలిచిన వేప, చింత, రావి, మర్రి, కానుగ వంటి పాత చెట్లు చిన్ననాటి నుంచే ఆ మొరంలోని పగుళ్ళను వెతుక్కుంటూ వేళ్ళు దించాయి కాబట్టి ఈదురుగాలికి తట్టుకుంటాయి. 2008 మార్చిలో దాదాపు 5,500 ఎకరాల్లో విమానాశ్రయం మొదలై, 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు నగరాన్ని చుట్టుకుని, పొలాలు వెంచర్లుగా మారిన తర్వాత ఇక్కడి చెట్ల జాబితాయే మారిపోయింది. త్వరగా పెరిగి పూలతో కళకళలాడే ఎర్రతురాయి, పచ్చతురాయి, విశాలంగా కొమ్మలు చాచే నిద్రగన్నేరు రోడ్ల వెంటా ప్లాట్ల ముందూ వెలిశాయి. నర్సరీ సంచిలో వేళ్ళు చుట్టుకుపోయిన మొక్కను లోతు లేని గుంతలో నాటితే, పైన గుబురు పెరిగినంతగా కింద పట్టు పెరగదు; అందుకే ఏప్రిల్, మే నెలల్లో గాలిదుమారం లేచిన ప్రతిసారీ ఈ జాతులే ముందుగా విరుగుతాయి, పనివారికి పిలుపులు కూడా అప్పుడే ఎక్కువగా వస్తాయి.

పిలుపు అందుకున్న పనివాడు చెట్టెక్కకముందే చేసే పని చాలా ఉంది. చెట్టు మొదట్లో పుట్టగొడుగులు మొలిచాయా, కాండం తడితే డొల్ల శబ్దం వస్తోందా, వాలిన వైపుకు ఎదురుగా నేల ఉబ్బి పగిలిందా, కొమ్మల చాటున తేనెతుట్టె ఉందా అని అతడు నేల మీద నిలబడే చూసుకుంటాడు. తీగలు దగ్గరగా ఉంటే లైన్‌మన్ ద్వారా లైన్ క్లియర్, అంటే ఆ లైనులో సరఫరా ఆపినట్టు నిర్ధారణ, పొందేదాకా కత్తి ఎత్తకూడదన్నది ఈ పనిలో మొదటి నియమం. 11 కేవీ లైను దగ్గర పచ్చికొమ్మ కూడా కరెంటును మోసుకొస్తుంది. కింద రేకుల షెడ్డో కారో ఉన్నప్పుడు కొమ్మను తాడుతో కట్టి, ఆ తాడును పై కొమ్మ మీదుగా వేసి, కింద ఉన్న సహాయకుడు మెల్లగా వదులుతుండగా దించాలి. పైవాడి ప్రాణం కింది వాడి చేతిలో ఉండే ఈ పనిలో మాటకంటే సైగ ముఖ్యం కాబట్టి, ఏళ్ళ తరబడి కలిసి పనిచేసిన జట్టును ఏ పనివాడూ తేలికగా వదులుకోడు.

అన్నిటికన్నా సూక్ష్మమైనది కోత. మనిషి చర్మం గాయం తర్వాత కొత్త కణాలతో పూడుతుంది; చెట్టుకు ఆ వీలు లేదు. అది గాయపడిన భాగాన్ని లోపలి నుంచి గోడలు కట్టి వేరుచేసి, దాని చుట్టూ కొత్త కలప పెంచుకుంటూ పోతుంది. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో (1930–2006) వేలాది చెట్లను నిలువునా కోసి పరిశీలించి ఈ సంగతిని నిరూపించాడు. ఆయన 1977లో సహరచయితతో కలిసి ప్రచురించిన సిద్ధాంతం ప్రపంచమంతటా కొమ్మలు తీసే పద్ధతినే మార్చివేసింది. కొమ్మ కాండంలో కలిసే చోట చుట్టూ ఒక ఉబ్బు కనిపిస్తుంది. శాస్త్రగ్రంథాలు దాన్ని బ్రాంచ్ కాలర్ అంటాయి. కుళ్ళును అడ్డుకునే శక్తి ఆ ఉబ్బులోనే ఉంది కాబట్టి కోత దానికి ఆనుకుని బయట పడాలి. కాండానికి సమంగా నున్నగా కోస్తే ఆ రక్షణ పోతుంది, మొండెం మిగిల్చితే అది ఎండి కుళ్ళుకు దారి ఇస్తుంది. బరువైన కొమ్మను మూడు కోతల్లో తీస్తారు: ముందు కాండానికి అడుగు దూరంలో కింది నుంచి సగం లోపు గాటు పెట్టి, ఆపై ఇంకాస్త అవతల పై నుంచి కోసి కొమ్మను పడగొట్టి, చివరికి మిగిలిన మొండాన్ని ఉబ్బు అంచున తీస్తారు. మొదటి గాటు లేకపోతే పడే కొమ్మ తన బరువుతో కాండం బెరడును కిందిదాకా చీల్చుకుపోతుంది. కోసిన చోట తారు గానీ రంగు గానీ పూయాలన్న నమ్మకం ఇక్కడ బలంగా ఉన్నా, ఆ పూత కుళ్ళును ఆపదని షైగో పరిశోధనలే తేల్చాయి.

ఇంత తెలిసిన పనివాడి చేత కూడా ఇంటి యజమానులు తరచుగా చేయించేది మోడు కొట్టడమే, అంటే చెట్టు తలను మొత్తంగా నరికివేయడం. ఇచ్చిన డబ్బుకు కళ్ళ ముందు పెద్ద మార్పు కనిపిస్తుంది, ట్రాలీ నిండుతుంది, రెండేళ్ళ దాకా బెంగ లేదన్న తృప్తి మిగులుతుంది. ఆకులన్నీ ఒక్కసారిగా కోల్పోయిన చెట్టు మాత్రం దాచుకున్న ఆహారాన్నంతా ఖర్చు చేసి, కోసిన చోట్ల నుంచి గుంపులు గుంపులుగా కొత్త రెమ్మలు తోస్తుంది. అవి లోపలి కలపలోంచి పుట్టినవి కాక పై పొరకు మాత్రమే అతుక్కున్నవి కావడంతో, నాలుగైదేళ్ళలో లావెక్కి బరువై, కింద కుళ్ళిన మొండెం నుంచి ఊడి పడతాయి. భయంతో చేయించిన పని మరింత భయపడవలసిన చెట్టును తయారు చేస్తుంది. దీనికి బదులు ఎండినవీ, ఒరుసుకునేవీ, బలహీనంగా చీలినవీ మాత్రమే తీసి గుబురును పలుచన చేస్తే గాలి దూరిపోతుంది, చెట్టు నిలుస్తుంది. కాని ఆ పనికి రోజంతా పడుతుంది, దిగే కలప మాత్రం గంపెడు. అటువంటి రోజుకు పూర్తి కూలి ఇవ్వడానికి ఒప్పుకునే యజమాని అరుదు.

వృత్తిలో ఉన్నవారి రోజువారీ అభిప్రాయాలు విన్నవారికి అవి ఫిర్యాదుల్లా తోచవచ్చు, కాని వాటిలో ప్రతిదానికీ చెట్టు శరీరధర్మంలో ఆధారం ఉంది. మొదలు దాకా సిమెంటు పోసి టైల్స్ పరిస్తే వేళ్ళకు నీరే కాదు, గాలి కూడా అందదు. కేబుల్ కోసమో పైపు కోసమో కాండం పక్కనే కందకం తవ్వితే ఆ వైపు వేళ్ళు తెగుతాయి, మరుసటి వేసవిలో చెట్టు పడినప్పుడు నింద గాలి మీదికి పోతుంది. తీగల కింద నిద్రగన్నేరు నాటడమంటే ప్రతి ఏడూ దాన్ని నరకాలని ముందే నిశ్చయించడం. తెలంగాణ ప్రభుత్వం 2015 జూలై 3న ఈ ప్రాంతానికి దగ్గర్లోని చిలుకూరులో మొక్కలు నాటే హరితహారం కార్యక్రమం మొదలుపెట్టినప్పటి నుంచి రోడ్ల వెంట నాటిన మొక్కలు ఇప్పుడు చెట్లయ్యాయి. మొక్క మూడు నాలుగేళ్ళ వయసులో ఉన్నప్పుడు పోటీపడే రెండు తలల్లో ఒకదాన్ని చిన్న కత్తితో తీసేస్తే సరిపోయేది, పదేళ్ళ తర్వాత మిషన్‌తో, తాళ్ళతో, ప్రమాదంతో కూడిన పని అవుతుంది. నాటడానికి చూపిన ఉత్సాహం లేత వయసులో దిద్దడానికి చూపకపోవడం మీద ఈ పనివారికి ఉన్న బాధ న్యాయమైనది.

తొందరపాటు కోత గురించి వేప ఒక పెద్ద పాఠం నేర్పింది. 2021 ద్వితీయార్ధంలో తెలంగాణ అంతటా వేపచెట్లు కొమ్మల చివర నుంచి కిందికి ఎండిపోవడం మొదలైంది. ఫోమోప్సిస్ అజాడిరక్టే అనే శిలీంధ్రం ఇందుకు ప్రధాన కారణమని, టీ దోమ అనే రసం పీల్చే పురుగు కూడా తోడైందని శాస్త్రవేత్తలు గుర్తించారు. శంషాబాద్‌కు పొరుగున రాజేంద్రనగర్‌లో ఉన్న ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం దీనికి మందులను సూచించింది. చెట్టు చచ్చిపోయిందనుకుని కొట్టించాలని తొందరపడినవారు ఎందరో ఉన్నారు. ఓపిక పట్టిన చోట చాలా చెట్లు తర్వాతి నెలల్లో మళ్ళీ చిగురించాయి. బెరడును గోటితో కాస్త గీకి కింద పచ్చదనం ఉందేమో చూడడం, ఎండిన చివర్లను మాత్రమే తీయించడం, కత్తిని ఒక చెట్టు నుంచి మరో చెట్టుకు పోయేముందు శుభ్రం చేయడం తెలిసిన పనివాడు ఆ ఏడాది కాపాడిన నీడ ఏ లెక్కలోనూ చేరలేదు.

చెట్టుకు వైద్యం చేయాలన్న ఆలోచన ఈ దేశానికి కొత్తది కాదు. సురపాలుడి వృక్షాయుర్వేదం చెట్ల జబ్బులను వాత, పిత్త, కఫ దోషాలుగా విభజించి చికిత్సలు చెప్పింది. ఆ సంస్కృత గ్రంథానికి నళినీ సాధలే చేసిన ఆంగ్లానువాదాన్ని 1996లో సికింద్రాబాద్‌లోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ ప్రచురించింది. మన కాలంలో అలాంటి శ్రద్ధకు నిదర్శనం మహబూబ్‌నగర్ పిల్లలమర్రి. దాదాపు 700 ఏళ్ళ వయసుందని చెప్పే ఆ మర్రిని చెదలు తొలిచి 2017 డిసెంబరులో ఒక కొమ్మ విరిగిపడడంతో సందర్శకులను ఆపివేశారు. కాండానికి రంధ్రాలు చేసి పోసిన క్లోరోపైరిఫాస్ మందు బయటికి కారిపోవడంతో, 2018లో సెలైన్ సీసాల మాదిరిగా వేలాడదీసి చుక్కచుక్కగా ఎక్కించారు. వాలిన కొమ్మలకు స్తంభాలు ఆధారంగా కట్టారు. ప్రసిద్ధమైన ఒక్క చెట్టుకు దక్కిన ఆ ఓపికలో కొంతైనా ఊరి చెట్లకు దక్కాలని కోరుకోవడం అత్యాశ కాదు.

ప్రతి చెట్టునూ ఎల్లకాలం నిలపాలని ఈ వృత్తి చెప్పదు. విమానాశ్రయ పరిసరాల్లో విమానాలు దిగే, ఎగిరే మార్గానికి అడ్డుగా పెరిగే భవనాలతో పాటు చెట్లకూ వర్తించే నిబంధనలు 1994లోనే వచ్చాయి. ఎత్తుల పరిమితి మీద 2015లో మరికొన్ని నిబంధనలు చేరాయి. పక్షులను గుంపులుగా రప్పించే పండ్ల చెట్లు రన్‌వే దగ్గర ఉండడం ప్రయాణికుల ప్రాణాలకే ముప్పు. ఇక మిగతా చోట్ల చెట్టు కొట్టాలంటే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే వాల్టా ప్రకారం ముందుగా అధికారుల అనుమతి తీసుకోవాలి. అనుమతి పత్రం అడిగే పనివాడిని వదిలి అడగనివాడిని పిలిచే యజమాని, నిజాయితీకి నష్టాన్నే కూలిగా చెల్లిస్తున్నట్టు లెక్క. దగ్గర్లోని చేవెళ్ళ రహదారిపై, అప్పా కూడలి నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల దారిలో నిలిచిన సుమారు 900 మర్రిచెట్ల మీద, రహదారి విస్తరణ కారణంగా ఏళ్ళ తరబడి వివాదం నడిచింది. అటువంటి వాదాల్లో ఏ చెట్టు తరలింపును తట్టుకుంటుంది, ఏది తట్టుకోదు అన్న ప్రశ్న ముందుగా రావాలి. కొమ్మల నుంచి కూడా వేళ్ళు తోసే మర్రి తరలింపుకు లొంగినంతగా ముసలి చింత లొంగదని చెట్లతో పనిచేసేవారికి తెలుసు.

భద్రత విషయంలో ఈ జిల్లాలోనే ఒక మంచి మార్గం కనిపించింది. తాటి, ఈత చెట్లెక్కే గీత కార్మికులు తరతరాలుగా నడుముకూ చెట్టుకూ చుట్టిన మోకునే నమ్ముకున్నారు. వారికోసం 2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో కాటమయ్య రక్షణ కవచం పేరుతో నడుంపట్టీలు, తాళ్ళతో కూడిన కిట్ల పంపిణీని ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ప్రారంభించారు. అంతే ఎత్తులో, పైగా చేతిలో తిరిగే మిషన్‌తో పనిచేసే చెట్ల పనివారికీ అలాంటి కవచం, శిక్షణ, బీమా అందించడం న్యాయం. రాజేంద్రనగర్‌లోనే వ్యవసాయ విశ్వవిద్యాలయంతో పాటు జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ కూడా ఉంది. అక్కడి శాస్త్రాన్నీ, గీత కార్మికుల ఎక్కే నేర్పునూ, లైన్‌మన్ల జాగ్రత్తనూ కలిపి కొన్ని వారాల పాఠం తయారు చేయడం అసాధ్యం కాదు. 1924లో అమెరికాలో మొదలైన అంతర్జాతీయ ఆర్బొరికల్చర్ సంఘం (ఆర్బొరికల్చర్ అంటే ఒక్కొక్క చెట్టును విడిగా సంరక్షించే విద్య) అనుభవాన్నీ పరీక్షనూ జోడించి ధ్రువపత్రం ఇస్తోంది. ఇక్కడ అందుకు తెలుగులో, చేతిపనికి పెద్దపీట వేస్తూ, చదువు తక్కువైన వారిని కూడా కలుపుకునే రూపం కావాలి.

ప్రభుత్వం కోసం ఎదురుచూడకుండా ఇప్పుడే మారగలిగింది బేరం. కాలనీ సంఘాలూ, ఫార్మ్‌హౌస్ యజమానులూ, పట్టణపాలక సంస్థలూ కలప లెక్కన గుత్త మాట్లాడడం మాని, వేసవికి ముందు ఒకసారి, వానల తర్వాత ఒకసారి చెట్లను చూసి చెప్పడానికి విడిగా రుసుము ఇవ్వాలి. పనికి గంటల లెక్కన కూలి కట్టాలి. కలపను యజమాని దగ్గరే ఉంచాలి. అప్పుడు ఏ కొమ్మా తీయనక్కర్లేదని చెప్పిన పనివాడి ఇంట్లో కూడా పొయ్యి వెలుగుతుంది, మోడు కొట్టమని అడిగినవారికి కాదని చెప్పే ధైర్యం అతడికి వస్తుంది. ఆ ఒక్క మార్పు జరిగితే, కావలసిన మిగతా శాస్త్రాన్ని ఈ పనివారే వెతుక్కుని నేర్చుకుంటారు, ఎందుకంటే నేర్చుకున్నదానికి ఫలితం వారి చేతికే అందుతుంది.