పుర్రెల లెక్క

స్టాన్ సకాయ్ రాసి, బొమ్మలేసే 'ఉసాగి యోజింబో' నాకు ఇంజనీరింగ్ హాస్టల్లో దొరికింది. 1984లో మొదలై ఇంకా వస్తూనే ఉంది. 17వ శతాబ్దపు జపాన్‌లో, యుద్ధంలో ప్రభువుని పోగొట్టుకుని ఊళ్లు పట్టుకు తిరిగే కుందేలు సమురాయ్ కథ. చెవులు రెండూ కలిపి పైకి ముడేసుకుంటాడు. మా పాపకి ఆ ముడి చాలు, మిగతా కథ లేకపోయినా పర్లేదు.

రాత్రిళ్లు నేను పేజీ చూస్తూ తెలుగులో చెబుతాను. 'రోనిన్'కి మాట దొరక్క రోనిన్ అనే అంటున్నా.

చిక్కు మా బాబుతో. సకాయ్ నెత్తురు చూపించడు. చచ్చినవాడి పక్కన బెలూన్‌లో చిన్న పుర్రె వేస్తాడంతే. అందుకే ధైర్యంగా పిల్లలకిచ్చాను. వీడేమో క్రికెట్ స్కోరులా పుర్రెలు లెక్కపెడుతున్నాడు. "నాన్నా, 14!" గతుక్కుమన్నాను. నెత్తురు దాచడం వల్లే చావు ఇంత తేలికైపోయిందా? ఈ సిరీస్‌ని ఎంత ఇష్టపడినా ఆ అనుమానం పోలేదు.

తర్వాత గాలిపటాల కథ వచ్చింది. అదే ఉత్సవాన్ని పటాలు చేసేవాడు, జూదగాడు, ఉసాగి, ముగ్గురి వైపు నుంచీ చెబుతాడు సకాయ్. నాకు కత్తియుద్ధాలకన్నా ఇదే గొప్ప. ఆ పెద్ద పటం తయారవుతుంటే ఆ పనివాడి చేతుల మీంచి చూపు కదలదు. బాబు ఆ పేజీలు తనే వెనక్కి తిప్పి మళ్లీ చెప్పమన్నాడు.

మర్నాటి కథలో మళ్లీ పుర్రెలు. లెక్కపెట్టాడు, కానీ పైకి వినపడకుండా.