స్వీడన్ సోషలిస్టు పార్టీ: పేరూ, అర్థమూ

పార్టీల చరిత్ర రాసేవారు సాధారణంగా తీర్మానాలను, చీలికలను, ఎన్నికల అంకెలను పేర్చుకుంటూ పోతారు. సాహిత్యం బోధించేవాణ్ణి గనుక నాకు మరొక ప్రశ్న ముఖ్యమనిపిస్తుంది. ఒక పార్టీ తన మాటలను మార్చకుండానే వాటి అర్థాన్ని ఎట్లా మార్చగలుగుతుంది? స్వీడన్ సోషలిస్టు పార్టీ చరిత్రలో దీనికి జవాబున్నది.

ఆ పార్టీ మూలాలు గొప్పవి. యుద్ధాన్ని ఎదిరించిన వామపక్షం 1917 లో సోషల్ డెమోక్రాట్లనుంచి విడిపోయింది. ఆ పక్షపు నాయకులలో సెత్ హోగ్లుండ్, కవి తూరె నెర్మన్ 1915 నాటి జిమ్మర్‌వాల్డ్ మహాసభకు వెళ్లినవారు. 1921 లో అది కమ్యూనిస్టు పార్టీ అయింది. 1929 లో కొమింటర్న్ కార్ల్ కిల్బూమ్, నిల్స్ ఫ్లీగ్ ప్రభృతులను బహిష్కరించగా, సభ్యులలో అధికసంఖ్యాకులు వారివెంటనే నడిచారు. పత్రిక కూడ వారికే దక్కింది. 1932 ఎన్నికలలో వారికి 6 స్థానాలు, కొమింటర్న్ పక్షానికి 2 వచ్చాయి. 1934 లో వారు సోషలిస్టు పార్టీ అనే పేరు పెట్టుకున్నారు.

అయితే 1932 లోనే పెర్ ఆల్బిన్ హాన్సన్ నాయకత్వాన సోషల్ డెమోక్రాట్లు ప్రభుత్వం ఏర్పరచారు. మరుసటి ఏడు రైతుపార్టీతో ఒప్పందం చేసుకొని నిరుద్యోగులకు పనులు కల్పించసాగారు. అటు వారికీ, ఇటు మాస్కోకూ మధ్య ఈ పార్టీకి చోటు ఇరుకైంది. 1937 లో కిల్బూమ్ బయటికి పోవలసి వచ్చింది. ఫ్లీగ్ చేతిలో మిగిలిన పార్టీ క్రమంగా జర్మనీవైపు మొగ్గింది. యుద్ధకాలంలో నాజీలను సమర్థించింది, వారి ధనమూ పుచ్చుకున్నది. 1940 ఎన్నికలలో ఒక్క స్థానమూ దక్కలేదు. 1943 లో ఫ్లీగ్ మరణించాడు.

ఫ్లీగ్ అమ్ముడుపోయాడని చెప్పి ఊరుకోవడం సులభం. కాని డబ్బు ఒక్కటే ఈ పతనాన్ని వివరించదు. వర్సై సంధి విజేతల సంధి అన్నది నిజం. బ్రిటన్ సామ్రాజ్యవాద రాజ్యమన్నది మనకు ఒకరు చెప్పవలసిన నిజం కాదు. శత్రువుకు శత్రువు మిత్రుడనే తర్కం ఇటువంటి నిజాలనే మెట్లుగా చేసుకొని దిగజారుతుందని నా అభిప్రాయం. ఆ తర్కానికి లొంగినవాడు, 1933 మే నెలలో జర్మన్ కార్మికసంఘాలను రద్దుచేసిన ప్రభుత్వాన్ని కూడ సోషలిజం పేరుతోనే మెచ్చుకోగలడు.

ఆ పతనం అనివార్యమా? కాదు. ఫ్లీగ్ పక్కన నడిచిన నెర్మనే పార్టీని విడిచి, 1939 లో ‘త్రోత్స్ అల్ట్’ అనే నాజీవ్యతిరేక పత్రిక స్థాపించాడు. ‘ఏది ఏమైనా సరే’ అని దాని అర్థం. హిట్లర్‌మీద రాసిన వ్యాసానికి తటస్థ స్వీడన్ అతనికి మూడు నెలలు జైలుశిక్ష వేసింది. సోషల్ డెమోక్రాట్ ప్రధాని ఏలుబడిలోనే ఇది జరిగిందని మరవరాదు. ఇద్దరూ ఒకే బడిలో చదివినవారు, ఒకే పదజాలం వాడినవారు. తేడా ఎక్కడున్నది? జైలులో ఉన్న జర్మన్ కార్మికుణ్ణి ఒకరు మరువలేదు, మరొకరు మరిచారు.

కనుక ఒక పార్టీ పత్రికను పరిశీలించే విద్యార్థి ‘సోషలిజం’ అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించి తృప్తిపడరాదు. ఆ పత్రిక ఏ జైళ్లను గురించి మౌనం వహించిందో కూడ చూడాలి. ఫ్లీగ్ పత్రిక విషయంలో ఓటర్లు ఆ పరీక్ష 1940 లోనే చేశారు.